ఆ ధరలో ఎరువెంత, కూలెంత?

కరీంనగర్‌లో ఆర్గానిక్ దుకాణం మెట్లెక్కిన ఎవరి నోటైనా ముందుగా వచ్చే మాట ‘అమ్మో, ఇంత ధరా?’ అనే. ఇదంతా డబ్బున్నవాళ్ల తిండి, వ్యాపారుల మాయ అని మీరూ అనుకునే ఉంటారు. కొంత మాయ లేకపోలేదు. అయితే ధర పెరగడం మొదలయ్యేది దుకాణంలో కాదు, పొలంలో.

ఒక్క యూరియా బస్తానే తీసుకోండి. 45 కిలోల బస్తా రైతుకు సుమారు 270 రూపాయలకు దొరుకుతుంది. దాని అసలు ఖరీదు అంతకు ఎన్నో రెట్లు. ఆ తేడాను కేంద్రం రాయితీగా భరిస్తుంది. అంటే మామూలు బియ్యం ఖరీదులో కొంత మీరు పన్నుల రూపంలో ముందే కట్టేశారు. కిరాణా బిల్లులో అది కనిపించదు, అంతే.

ఆ బస్తాలో నత్రజని 20 కిలోల పైనే ఉంటుంది. పశువుల ఎరువులో అయితే వంద కిలోలకు సుమారు అర కిలో. లెక్క వేస్తే ఒక్క బస్తాకు బదులు నాలుగు టన్నుల ఎరువు కావాలి. దాన్ని కొనాలి, ట్రాక్టర్‌లో తోలాలి, పొలమంతా చల్లాలి. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాక ఊళ్లలో ఎడ్లు తగ్గాయి, పేడ కుప్పలూ తగ్గాయి. జీలుగ, జనుము వేసి కలియదున్నితే కొంత భారం తగ్గుతుంది కానీ పూర్తిగా తీరదు.

ఇక కలుపు. మందు కొడితే పని ఒక్క పూటలో అయిపోతుంది. మందు వద్దంటే ఆడకూలీలు నడుం వంచి రెండు మూడుసార్లు తీయాలి. సీజన్‌లో కూలీలు దొరకడమే గగనం. మీరు కిలోకు ఎక్కువ ఇచ్చే డబ్బులో వాళ్ల కూలి కూడా ఉంది. నాకైతే ఆ రూపాయి బరువనిపించదు.

ఆదిలాబాద్ సంగతి వేరు. వాన మీద పండే జొన్న, కంది, పెసరకు వరికి పట్టినంత నీరు, ఎరువు అక్కర్లేదు. పత్తి సాళ్ల మధ్య కంది వేయడం అక్కడి పాత అలవాటు. ఆ జిల్లా ఆదివాసీ రైతులతో చేత్నా ఆర్గానిక్ సంస్థ ఏళ్లుగా సేంద్రియ పత్తి సాగు చేయించింది కూడా. అక్కడ ఖర్చు చేనులో కన్నా దారిలో ఎక్కువ. హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. సరుకు కొద్దికొద్దిగా వస్తుంది. మామూలు కందులతో కలవకుండా విడిగా మర ఆడించాలి, విడిగా నిల్వ చేయాలి. పైగా సర్టిఫికెట్. ఏడాది పంటలకు రసాయనాలు మానిన రెండేళ్ల తర్వాతే సేంద్రియ ముద్ర వస్తుంది. ఆ రెండేళ్లూ దిగుబడి తగ్గినా రైతు మామూలు ధరకే అమ్ముకోవాలి. ఆ నష్టం ఎప్పుడో ఒకప్పుడు ధరలో చేరక తప్పదు.

అలాగని ఇంటి సరుకులన్నీ ఒక్కసారే మార్చమని చెప్పను. స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2012లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పోషకాల్లో పెద్ద తేడా కనిపించలేదు. పురుగుమందుల అవశేషాలు మాత్రం సేంద్రియ పంటల్లో తక్కువ. కాబట్టి ఆర్గానిక్ కోసమని పిల్లల కంచంలో పప్పు, కూర, గుడ్డు తగ్గించడం తెలివితక్కువ బేరం.

ముందు జొన్నలు, కందిపప్పుతో మొదలుపెట్టండి. బియ్యమైతే వానాకాలం కోతలయ్యాక నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి తెలిసిన రైతు దగ్గర వడ్లే కొని మర ఆడించుకోండి. మధ్యవాళ్ల లాభం, ప్యాకింగ్ ఖర్చు మిగులుతాయి. ఒకేసారి ఏడాదికి సరిపడా ఆడించకండి, ముక్కపురుగు పడుతుంది. ప్యాకెట్ కొంటే ‘జైవిక్ భారత్’ గుర్తు చూడండి. నేరుగా అమ్మే చిన్న రైతు దగ్గర ఆ గుర్తు లేకపోవచ్చు, వాళ్లకు మినహాయింపు ఉంది. అక్కడ ఎరువు ఏం వేశారో, కలుపు ఎన్నిసార్లు తీయించారో అడగండి. వీలైతే పంట కాలంలో ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని పొలానికే వెళ్లి రండి.