చౌక టైరా? ఖరీదైన టైరా?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి టైర్లతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని ఒకనాడు సైకిళ్ళు ఆనించి ఉండే గోదావరిఖని క్వార్టర్ల గోడల ప్రక్కన నేడు కార్లు నిలుస్తున్నవి. కారు కొనేటప్పుడు పదిమందిని విచారించే మనమే, టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు ధర ఒక్కటే అడుగుతాము.

ఈ సందర్భంలో మా ఉర్దూ శాఖ మిత్రులొకరు ఒక సామెత చెబుతారు: ‘మహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్.’ ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని భావం. సామెత చక్కనిదే. నా అనుభవం మాత్రం దానికి లోబడలేదు.

2024 మే నెలలో మా అమ్మగారిని హైదరాబాదులో డాక్టరుకు చూపించి రాజీవ్ రహదారి మీదుగా తిరిగి వస్తున్నాము. సుల్తానాబాదు ఇంకా రాలేదు. ఎడమప్రక్క ముందు టైరు పగిలింది. కారు ఒరుసుకుంటూ పోయి రోడ్డు అంచు దిగి ఆగింది. దైవకృప వల్ల ఎవరికీ గాయం కాలేదు. అమ్మగారు ఇల్లు చేరేవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ టైరు చౌకరకం కాదు, పేరు మోసిన కంపెనీది. 2021లో ఒక దుకాణంలో ధర తగ్గించి ఇస్తున్నారంటే సంబరపడి కొన్నాను. పగిలిన తరువాత దాని ప్రక్కభాగం పరిశీలిస్తే 1418 అనే అంకెలు కనిపించినవి. అనగా 2018వ సంవత్సరం 14వ వారంలో తయారైన సరుకు. నేను కొనేనాటికే అది మూడేండ్లు మూలనపడి ఉన్నది. గాడులు ఇంకా లోతుగానే ఉన్నవి. రబ్బరు మాత్రం బిరుసెక్కిపోయింది. దానికి తోడు, ఎండకు టైరు ఉబ్బి పగులుతుందని ఎవరో చెబితే, బయలుదేరే ముందు నేనే గాలి తగ్గించి పెట్టించాను.

ఈ గాలి తగ్గించే అలవాటు మన ప్రాంతంలో చాలామందికి ఉన్నది. ఇది శుద్ధ పొరపాటు. గాలి తక్కువైన టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలుగుతుంది. నలిగినకొద్దీ లోలోపల వేడి పుడుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం రామగుండానికి క్రొత్త కాదు. పైన ఎండ, క్రింద కాగిన రోడ్డు, లోపల ఈ వేడి. ఎంత ఖరీదు పెట్టి కొన్న టైరైనా దీనికి ఎన్నాళ్ళు తట్టుకోగలదు?

ఇక ధర సంగతి. గనుల పరిశ్రమలో డంపర్ల టైరును ఎంతకు కొన్నారని మాత్రమే చూడరు, ఎన్ని గంటలు నడిచిందని లెక్కిస్తారు. ఓపెన్ కాస్టులో పనిచేసే తండ్రులున్న విద్యార్థులు ఇంట్లో అడిగి తెలుసుకోవచ్చు. అదే లెక్క మన కారుకు వేసి చూద్దాము. చౌక టైరు రూ. 3,000, ఖరీదైనది రూ. 5,000 అనుకొందాము. నాలుగింటికి తేడా రూ. 8,000. అయిదేండ్లకు పంచితే రోజుకు నాలుగున్నర రూపాయలకు లోపే. ఒక కప్పు చాయకు కూడా చాలదు! 2025 సెప్టెంబరు 22 నుండి కారు టైర్లపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినందున ఇప్పుడు భారం మరికొంత తేలికయింది.

అట్లని ఖరీదైనదే కొనమని నేననను. ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుందనే మాట చెప్పి దుకాణదారు దానిని అమ్మజూస్తాడు. మనలో చాలామంది కారు డ్యూటీకి, బజారుకు, బడికి తప్ప తిరగదు. సంవత్సరానికి ఆరువేల కిలోమీటర్లు నడిచే కారుకు అరవైవేల కిలోమీటర్ల టైరు దేనికి? పదేండ్లకు గాని అది అరగదు. అంతకు ఎంతో ముందే రబ్బరు ముసలిదవుతుంది. కాలనీ దాటని కారుకు మంచి కంపెనీవారి చౌకరకమే చాలును, తయారై ఆరునెలలు దాటకుండా ఉంటే.

రహదారి మీద కుటుంబంతో తరచు ప్రయాణించేవారి సంగతి వేరు. అక్కడ ఆయుష్షు కన్న పట్టు ముఖ్యం. మన రోడ్ల మీద లారీల నుండి రాలిన బొగ్గుపొడి తొలకరి చినుకుకు తడిసి జారుడు మట్టి అవుతుంది. మేలురకపు టైర్లలో సిలికా ఎక్కువగా కలుపుతారు. తడిలో బ్రేకు వేసినప్పుడు అది పట్టు ఇస్తుంది. అదనంగా ఇచ్చే డబ్బుకు నిజమైన ప్రతిఫలం ఇదే. (టైరుకు ఆ నలుపు నిచ్చేది కార్బన్ బ్లాక్ అనే మసి. దానిని తారునూనెల నుండి కూడా తీస్తారు. మన సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు గనుక ఆ తారులో మనకు భాగం లేదు!)

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును కారుకు వాడరాదని చట్టం చెబుతున్నది. వానాకాలంలో అంతవరకు వేచి ఉండడం కూడా ప్రమాదమే. పాత టైరుకు క్రొత్త తొడుగు వేయించి లారీలు నడుపుతారని కారుకు అదే చేయించేవారిని, ఎవరో విప్పి పారేసిన టైర్లు కొనేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. చౌకదనానికీ ఒక హద్దు ఉండవద్దా?

నేను ఈసారి మధ్యరకం ధరలో రెండు టైర్లే కొన్నాను. జీతం అంతవరకే అనుమతించింది. వాటిని వెనుక వేయమంటే మా వీధి ఉస్తాద్ ఒప్పుకోలేదు. “ఇంజను బరువు ముందుంటది సార్, కొత్తవి ముందుకే వేయాలె” అన్నాడు. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే వేగం తగ్గించి కారును నిలుపుకోవచ్చునని, వెనుకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుందని చెప్పాను. “ఇన్నేండ్ల నుంచి ఎవరూ ఇట్ల అడగలే భాయ్‌సాబ్” అంటూనే వెనుకకు బిగించాడు. గాలి ఎంత పెట్టాలని అడిగితే, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ చూపించాను. అక్కడ అట్టి చీటీ ఒకటి ఉంటుందని నాకూ 2024 మే నెల తరువాతనే తెలిసింది.