అలమరలో ఖాళీచోటు
కొండపల్లి బొమ్మల నమ్ము చిన్న యంగడులలో అంబారీ యేనుఁగులు, దశావతారములు, ఎడ్లబండ్లు, తాడిచెట్టెక్కు కల్లుగీతకాండ్రు ఒకరి నొకరు ఒరసికొనుచు అలమర నిండ నిలిచియుండుటయు, ఆ సందులలోనే అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మలు వ్రేలాడుచుండుటయు తఱచుగాఁ గాననగును. సరకు నిండుగా నున్నఁగాని లక్ష్మి నిలువదను మాట బియ్యపు కొట్టునకుఁ జెల్లును గాని చేతిపనికిఁ జెల్లదని నా దృఢాభిప్రాయము. ఏలయన, తెల్లపొనికి కొయ్యను వెచ్చఁజేసి యారఁబెట్టి, అవయవములను వేఱువేఱుగాఁ జెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును గలిపిన మక్కుతో నతికి, సుద్దపూసి, సన్నని కుంచెతో రంగులు దిద్దిన యేనుఁగు సైతము, తనవంటి యేనుఁగుల గుంపులో నిలిచినంతనే యంత్రమునుండి వెలువడినదానివలెఁ దోఁచును. అట్లు తోఁచిన క్షణముననే బేర మారంభమగును. అనఁగా ఆ క్రిక్కిఱిసిన అలమరయే శిల్పి శ్రమకు వ్యతిరేకముగా సాక్ష్యము పలుకుచున్నది. కావున వర్తకుఁడు మొదట తొలఁగింపవలసినది శిల్పి చేతఁ జేయని ఆ ప్లాస్టిక్ సరకు; పిమ్మట రూపమున కొక్కటి మాత్రమే ముందుంచి, తక్కినవానిని లోపల భద్రపఱచి, ఖాళీయైన చోట చెక్కని పొనికి ముక్కను, రంగు వేయని సగపు బొమ్మను, వెల వ్రాసిన చీటిని ఉంచవలెను. కంటఁబడని వస్తువు నెవ్వరు కొందురను భయము చిన్న వర్తకునకు సహజమే, దానిని నేను తేలికగాఁ ద్రోసివేయను. అయినను లోపలినుండి తెచ్చి చేతికిచ్చి చూపునపుడు పని పుట్టిన క్రమమును చెప్పుట కవకాశము కలుగును, ఆ మాటలే వెలను నిలుపును. కొండపల్లికిఁ బోవు పాఠకులారా, బేరమాడుటకు ముందు ఆ సగపు బొమ్మను చూపుఁడని మీరే యడుగుఁడు.