నేరం సాలీడుదేనా?

పండగ దగ్గరపడుతోందంటే ఇల్లాలి చేతిలోకి ముందుగా వచ్చేది బూజుకర్రే కదా! అటక మీదా, గ్యాస్ బండ వెనకాలా దులుపుతుంటే అరచేయంత సాలెపురుగు ఒక్కసారిగా గోడ మీద పరుగెత్తుతుంది. మనం కెవ్వుమంటాం. మర్నాడు చేతి మీద నాలుగు పొక్కులు కనిపిస్తే "సాలీడు పాకిందే అమ్మాయ్" అని అత్తగారో, పక్కింటి పిన్నిగారో తేల్చేస్తారు. పసుపూ వేపాకూ నూరి పట్టించి, మన పనిలో మనం పడిపోతాం.

చిక్కంతా ఇక్కడే వుంది. సాలీడుకి విషం లేదని కాదు. దాదాపు అన్ని సాలీళ్ళకీ విషం వుంటుంది. కానీ అది ఈగనీ, బొద్దింకనీ పడగొట్టడానికి పనికొచ్చే విషం. ఇళ్ళల్లో తిరిగే వాటిలో చాలా వాటి కోరలు మన చర్మంలోకి సరిగ్గా దిగవు కూడా. వంటి మీద పాకినంత మాత్రాన పొక్కులూ రావు. మరి ఆ పొక్కులెక్కడివి? నేరమంతా సాలీడు మీద వేసి వూరుకుంటే అసలు దోషి తప్పించుకుంటాడు. ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది.

మనింట్లో వుండేవి ఇవీ

మూలల్లో బూజు పెట్టేవి సన్నటి పొడుగు కాళ్ళవి. వాటివల్ల ఏ హానీ లేదు. కిటికీల దగ్గర గెంతుతూ తిరిగే చిన్నవి దోమల్నీ ఈగల్నీ పట్టి తింటాయి. ఇక మనల్ని హడలెత్తించే ఆ పెద్ద గోధుమరంగుది గూడు అల్లదు. రాత్రిళ్ళు తిరిగి బొద్దింకల్ని వేటాడుతుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ళలాంటిది పట్టుకుని వుంటే అది గుడ్ల సంచీ అన్నమాట. చేత్తో అదిమితే తప్ప కరవదు. కరిచినా కాసేపు నొప్పీ, వాపూ వచ్చి తగ్గిపోతాయి.

జాగ్రత్త పడవలసినవి రెండు రకాలు. ఒకటి, పెరట్లో బోర్లించిన కుండీల కిందా, రేకుల షెడ్డులోనూ చిందరవందరగా గూడు అల్లే గోధుమరంగు విడో సాలీడు. దీని పొట్ట అడుగున ఇసుక గడియారం ఆకారంలో ఎర్రటి మచ్చ వుంటుంది. రెండోది, అడవుల్లో చెట్ల తొర్రల్లో వుండే బొచ్చు సాలీడు, అంటే టరాంటులా. అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన అందమైన నీలిరంగు టరాంటులా గురించి 1899లోనే పోకాక్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదంలో వుంది. ఈ జాతి కరిస్తే విపరీతమైన నొప్పీ, కండరాలు పట్టెయ్యడమూ వుంటాయి. కానీ అది మన వంటింట్లోకి రావడం చాలా అరుదు.

మరి అసలు దోషులెవరు?

1. వానాకాలంలో ట్యూబులైటు చుట్టూ చేరే ఒక చిన్న పురుగు. చీమకంటే కాస్త పొడుగ్గా, నారింజ, నలుపు పట్టీలతో వుంటుంది. అది కుట్టదు, కరవదు. మనం చర్మం మీద నలిపితే దాని రసం తగిలి, ఒకటి రెండు రోజులకి గీత గీసినట్టు కాలిన పొక్కులు వస్తాయి. వాలితే నలపకండి, వూదెయ్యండి. తగిలిన చోట వెంటనే సబ్బుతో కడగండి.

2. సర్పి. ఒంటికి ఒకవైపే, పట్టీ వేసినట్టు మంటా, ఆ తర్వాత నీటిపొక్కులూ వస్తే అది పురుగు పని కాదు. ఎప్పుడో పోసిన ఆటలమ్మ వైరస్ లోపలే దాగి వుండి మళ్ళీ లేవడం. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు డాక్టరు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పూతలతో వారం గడిపేస్తే పెద్దవాళ్ళకి ఆ నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. కంటి దగ్గర వస్తే చూపుకే ముప్పు, ఆ రోజే వెళ్ళాలి.

3. తేలు. చీకట్లో ఏదో చురుక్కుమంది, సాలీడే అనుకుంటాం. పసిపిల్లలకి వళ్ళంతా చెమటలూ, వాంతులూ, కాళ్ళూ చేతులూ చల్లబడటమూ కనిపిస్తే అది ఎర్రతేలు కావచ్చు. మహారాష్ట్రలోని మహాడ్ వూళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ బి.పి.కి వాడే ప్రజోసిన్ మాత్రతో 1980లలో ఎందర్నో బతికించి దారి చూపించారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అయితే ఆ మాత్ర డాక్టరు వెయ్యాలి, మనం కాదు.

4. కట్లపాము. అన్నిటికంటే భయంకరమైనది ఇదే. నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రిపూట కరుస్తుంది. నొప్పి వుండకపోవచ్చు, గాటూ కనిపించకపోవచ్చు. "ఏదో పురుగు కుట్టిందిలే" అని మళ్ళీ పడుకుంటారు. కాసేపటికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. పాము విషానికి విరుగుడు ఆస్పత్రిలోనే వుంటుంది, మంత్రంలో లేదు.

సాలీడే కరిస్తే

కరిచిన చోట సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పది నిమిషాలు అద్దండి. కొయ్యడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, సున్నం రాయడం వద్దు. నొప్పి పాకుతున్నా, కండరాలు పట్టేస్తున్నా, ఆయాసం వచ్చినా, పెదవులు వాచినా ఆస్పత్రికి వెళ్ళండి. వీలైతే ఆ పురుగుని ఫోనులో ఫోటో తీసి డాక్టరుకి చూపించండి.

ఇంట్లో జాగ్రత్తలు

బూజు దులిపేటప్పుడు తలకి గుడ్డ కట్టుకోండి. అటక మీది సామానూ, కట్టెలూ, కుండీలూ తీసేటప్పుడు ముందు కర్రతో కదిపి ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. పిల్లల బూట్లు దులిపి తొడగండి. నేల మీద పడుకునేవాళ్ళకి దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపండి. రాత్రి పెరట్లోకి టార్చిలైటు లేకుండా వెళ్ళకండి.

ఇక గోడ మీది ఆ పెద్ద సాలీడు సంగతంటారా? దాని మీద ఒక గ్లాసు బోర్లించి, కింద నుంచి పాత శుభలేఖ ఒకటి జరిపి, పెరట్లో వదిలెయ్యండి. మీ వంటింటి బొద్దింకల్ని జీతం లేకుండా పట్టిపెట్టిన పనిమనిషిని చీపురుతో కొట్టడం దేనికి చెప్పండి!