పెరటి చుట్టాలకి ఓ మూకుడు నీళ్ళు

ఎండాకాలం సెలవులు రాగానే సగం తెలుగు కుటుంబాలు ఇండియా వెళ్ళిపోతాయి. మిగిలినవాళ్ళం ఏసీ గదుల్లో తలుపులు బిగించుకుని కూర్చుంటాం. ఈసారి కిటికీ తెర కాస్త పక్కకి జరిపి చూడండి. బయట కూడా బోలెడు సంసారాలు నడుస్తున్నాయి!

బనియాస్‌లో మా ఇంటి వెనక ఉన్నది చిన్న పెరడే. రెండు ఖర్జూరం చెట్లు, ఒక వేపచెట్టు, అంతే. జులైలో అక్కడ తెల్లవారుజామునే డ్యూటీ మొదలవుతుంది. ఎండ ముదరకముందే పిచ్చుకలు, గువ్వలు తిండి పని ముగించుకుంటాయి. పండుతున్న ఖర్జూరాల దగ్గర మాత్రం గోరింకలదే పెత్తనం. ఇవీ మనలాగా ప్రవాసులే! పెంచుకోవడానికి పంజరాల్లో తెచ్చినవి తప్పించుకుని ఇక్కడే స్థిరపడిపోయాయి.

పది దాటితే సందడి సద్దుమణుగుతుంది. ఆరుబయట పనిచేసే కార్మికులకి ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా విరామం. పక్షులకి ఆ రూలు ఎవరూ చెప్పలేదు గానీ, అవీ నీడకి చేరి నోరు తెరుచుకుని రొప్పుతుంటాయి. వాటికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. బయట 45 దాటితే ఒక్క నీడ చాలదు, నోటిలోని తడి ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. అలా పోయిన నీటిని మళ్ళీ తాగాలి. అందుకే గుక్కెడు నీళ్ళు వాటికి ప్రాణంతో సమానం.

మేం వేపచెట్టు నీడలో లోతులేని మట్టి మూకుడు పెడతాం. పిచ్చుక కాసిని నీళ్ళు ముక్కున పట్టి, తల పైకెత్తి మింగుతుంది. గువ్వ తల ఎత్తకుండానే, స్ట్రా వేసుకున్నట్టు పీల్చేస్తుంది. నిజమో కాదో మీరే చూసి చెప్పండి పిల్లలూ! నీళ్ళు మాత్రం రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

సాయంత్రం కరెంటు తీగ మీదికి పాలపిట్ట వస్తుంది. ఎగిరినప్పుడు రెక్కల్లో ఆ నీలం చూడాలి! దసరానాడు కనిపిస్తే శుభమని మన ఊళ్ళలో పొలాల వెంట వెతుక్కునేది దీన్నే. తెలంగాణ రాష్ట్రపక్షి కూడా. ఇక్కడ పెరిగే పిల్లలు దీన్ని 'ఇండియన్ రోలర్' అంటారు. పాలపిట్ట అన్న పేరు కూడా నేర్పండి. అప్పుడే కదా ఆ కబురు ఫోన్‌లో అమ్మమ్మకి చెప్పగలిగేది!

చీకటి పడ్డాక గోడ దీపం దగ్గర బల్లిగారి నైట్ షిఫ్టు. ఆయనకి కనురెప్పలు లేవు, కళ్ళు నాలుకతోనే తుడుచుకుంటాడు!

మరి ఈ వేసవిలో మీ బాల్కనీలోనూ ఓ మూకుడు పెడతారు కదూ? ఎవరెవరు వచ్చి తాగారో తెలుగు పేర్లతో రాసి పంపండి.