డాన్యూబ్ తీరాన వేసవి

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉద్యోగరీత్యా మూడు వేసవులు గడిపే అవకాశం నాకు కలిగింది. మనకు వేసవి ఎండను తప్పించుకొనే కాలం. అక్కడివారికి ఎండను వెతుక్కొంటూ బయలుదేరే కాలం. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ నగరంలో జూన్ నెలాఖరున రాత్రి తొమ్మిది వరకు వెలుగు ఉంటుంది. కార్యాలయం నుండి ఇల్లు చేరిన తరువాత కూడ సగం పగలు మిగిలి ఉన్నట్లే అనిపిస్తుంది.

జూలై, ఆగస్టు మాసాలలో సుప్రసిద్ధమైన ప్రభుత్వ ఒపేరా భవనానికి సెలవు. ఆ లోటు తీర్చడానికా అన్నట్లు పురభవనం ఎదుట పెద్ద తెర కట్టి, చీకటి పడగానే సంగీత నాటకాల చిత్రాలను ఉచితంగా ప్రదర్శిస్తారు. ఈ ఆనవాయితీ 1991లో మొదలయింది. దాహమైతే సీసా కొననక్కరలేదు, వీధి కుళాయి చాలు. 1873లో ఒకటి, 1910లో మరొకటిగా నిర్మించిన జలవాహికల ద్వారా ఆల్ప్స్ పర్వతాల ఊటనీరు కేవలం నేల వాలును ఆధారం చేసుకొని నగరానికి చేరుతుంది.

ఇంజనీరుగా నన్ను అన్నిటికంటె ఆకర్షించినది డాన్యూబ్ ద్వీపం. 1954 నాటి వరద తరువాత నగరరక్షణకు మార్గం వెదికిన నిపుణులు, నదికి సమాంతరంగా 21 కిలోమీటర్ల పొడవున మరొక కాలువ తవ్వించారు. 1972లో ఆరంభమైన పని 1988లో పూర్తయింది. తవ్విన మన్ను రెండు పాయల నడుమ పోయగా సన్నని ద్వీపం ఏర్పడింది. వరద వచ్చినపుడు కాలువ తలుపులు ఎత్తుతారు. 2013లోను, 2024 సెప్టెంబరులోను డాన్యూబ్ ఉధృతిని పంచుకొన్నది ఈ కాలువే. మిగిలిన రోజులలో అది నిశ్చలమైన సరస్సు. మెట్రో దిగి, రుసుము లేకుండా, పిల్లా పెద్దా అందరూ అందులో ఈదులాడుతారు.

అయితే ఆ వేసవికి మరొక ముఖం కూడ ఉన్నది. చలిని దృష్టిలో పెట్టుకొని కట్టిన ఇళ్ళు అవి. పంకాలు అరుదు, ఎయిర్ కండిషనర్లు మరీ అరుదు. 2003 నాటి వడగాడ్పులకు ఐరోపాలో వేలాదిమంది, ముఖ్యంగా వృద్ధులు, మరణించారు. మా భవనంలో పైకప్పు క్రింది వాటాలో ఒంటరిగా ఉండే వృద్ధురాలికి 2018 ఆగస్టులో రాత్రులు నిద్ర ఉండేది కాదు. మొదటి అంతస్తులోని మా వాటా కొంత చల్లగా ఉండడంతో, మా శ్రీమతి ఆమెను సాయంత్రాలు పిలిచి కూర్చోబెట్టేది. మజ్జిగ ఆమెకు కొత్త కాదు. అల్లం, ఉప్పు, కరివేపాకు వేసిన మజ్జిగ మాత్రం కొత్త. వారం గడిచేసరికి ఆమే గ్లాసు పట్టుకొని వచ్చేది. యాభై మెట్లు దిగి రాలేనివారి సంగతి ఏమిటన్న ఆలోచన మాత్రం మమ్ములను విడువలేదు.

వరదను ముందుగా ఊహించి పదహారేళ్ళు శ్రమించిన ఆ నగరం ఇప్పుడు ఎండకు సిద్ధం కావలసి ఉన్నది. చెట్లు నాటుతున్నారు, కొన్ని భవనాలకు కేంద్రీకృత శీతలీకరణ కూడ అందిస్తున్నారు. ఇళ్ళన్నిటికీ అది చేరడానికి కాలం పడుతుంది. అంతవరకు పై అంతస్తువారిని పలకరించే పొరుగువారే వారికి రక్షణ. ఈ మాట మన కాలనీలకు కూడ వర్తిస్తుంది.