గంటల్లో గడువు పెట్టేవాడితో జాగ్రత్త

‘24 గంటల్లోగా జవాబు చెప్పాలి’ అని ఒక దేశం ఇంకో దేశాన్ని గద్దించిందని వార్తల్లో వినగానే మనలో చాలామందికి ఒళ్ళు పులకరిస్తుంది. గద్దించింది మనవాళ్ళయితే ఇక చెప్పనక్కర్లేదు, చర్చా వేదికల మీద కుర్చీలు ఆగవు. దయచేసి ఆ క్షణంలో చప్పట్లు కొట్టకండి. గడువు సంగతి పక్కనపెట్టి, అసలు అడిగిందేమిటో ఒక్కొక్క షరతూ చదవండి. ఆ గడువులో అది అయ్యే పనేనా అని చూడండి. కాదనిపిస్తే అవతల ఓడలు అప్పటికే లంగరు ఎత్తాయని అర్థం.

గ్రీసుకూ ఇటలీకీ మధ్య ఇలాంటి కాగితాలు రెండుసార్లు చేతులు మారాయి. మొదటిసారి గడువు 24 గంటలు, రెండోసారి 3 గంటలు. మొదటి దాన్ని ప్రపంచం చూసీ చూడనట్టు వదిలేసింది కాబట్టే రెండోది రాసే ధైర్యం వచ్చిందని నా అభిప్రాయం.

1923 ఆగస్టు 27న గ్రీసు, అల్బేనియా సరిహద్దు గీసే అంతర్జాతీయ బృందంలోని ఇటలీ జనరల్ ఎన్రికో టెల్లినిని కకావియా దగ్గర, గ్రీసు భూభాగంలోనే, దారి కాచి చంపేశారు. ఆయనతో కలిపి ఐదుగురు పోయారు. చంపిందెవరో నేటికీ తేలలేదు. హత్య జరిగిన రెండో రోజునే ఇటలీ ప్రధాని ముస్సోలినీ షరతుల పత్రం ఏథెన్స్ చేరింది. క్షమాపణ చెప్పాలి. ఏథెన్స్‌లోని కాథలిక్ చర్చిలో సంస్మరణ ప్రార్థన జరగాలి, మంత్రివర్గమంతా హాజరుకావాలి. గ్రీకు నౌకలు ఇటలీ జెండాకు వందనం చేయాలి. ఇటలీ సైనిక ప్రతినిధి సమక్షంలో ఐదు రోజుల్లో దర్యాప్తు ముగియాలి. దోషులందరికీ మరణశిక్ష పడాలి. 5 కోట్ల లీరాల పరిహారం ఐదు రోజుల్లో కట్టాలి.

క్షమాపణ, ప్రార్థన, వందనం వరకు ఎవరైనా ఒప్పుకోవచ్చు, గ్రీసు కూడా చాలావాటికి తల ఊపింది. కానీ నేరస్థులెవరో తెలియకముందే శిక్ష ఖరారు చేయమంటే ఏ న్యాయస్థానం చేస్తుంది? పరాయి సైనికాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని దర్యాప్తు చేయిస్తే అది ఇక సొంత ప్రభుత్వం ఎలా అవుతుంది? గ్రీసు ఆ రెండుచోట్లా ఆగింది. ముస్సోలినీకి కావలసిందీ ఆ ఆగడమే.

ఆగస్టు 31న ఇటలీ యుద్ధనౌకలు కోర్ఫు దీవి మీద గుళ్ళు కురిపించాయి. ఏడాది కిందటే ఆసియా మైనర్ నుంచి కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన శరణార్థులు అక్కడి పాత కోటలో తలదాచుకుని ఉన్నారు. పిల్లలతో సహా కనీసం 15 మంది చనిపోయారు. దీనికి ఇటలీ పెట్టిన పేరు తాత్కాలికమైన, శాంతియుతమైన చర్య. ఆ రెండు విశేషణాలను గుర్తుపెట్టుకోండి. అవి ఏ భాషలోనైనా మళ్ళీ వినబడతాయి.

గ్రీసు నానాజాతి సమితి గడప తొక్కింది. సమితి పుట్టి మూడేళ్ళు దాటింది, తానేమిటో చేతల్లో చూపించవలసిన సమయం అదే. ‘ఇది మీ పరిధిలోకి రాదు, ఒత్తిడి చేస్తే మేం బయటికి పోతాం’ అంది ఇటలీ. అదే ఏడాది జనవరి నుంచి జర్మనీలోని రూర్ ప్రాంతంలో సొంత సైన్యాన్ని దించి కూర్చున్న ఫ్రాన్స్‌కు, ఇంకొకరి ఆక్రమణను తప్పుపట్టే నోరు ఎక్కడుంది? వ్యవహారం సమితి ఉన్న జెనీవా దాటి పారిస్‌లోని మిత్రరాజ్యాల రాయబారుల సభకు చేరింది. గ్రీసు డబ్బును ముందు స్విస్ బ్యాంకులో జమ చేయాలని, ఎంత చెల్లించాలో హేగ్ న్యాయస్థానం తేలుస్తుందని మొదట అన్నారు. ఆ తరవాత హేగ్ దాకా వెళ్ళనివ్వకుండానే మొత్తం 5 కోట్ల లీరాలూ ఇటలీకి ఇప్పించేశారు. సెప్టెంబరు 27న ఇటలీ సైన్యం దీవి ఖాళీ చేసింది. కర్ర ఉన్నవాడిదే బర్రె అని మన పల్లెల్లో ఊరికే అనలేదు. ఇక్కడ పెద్దమనుషులే బర్రెను తోలుకెళ్ళి అప్పగించారు.

ఇందులో మనవాళ్ళ వాటా కూడా కొంచెం ఉంది. అప్పట్లో భారతదేశం బ్రిటిష్ పాలనలో ఉండి కూడా సమితిలో సభ్యదేశం. ఆ ప్రతినిధి వర్గంలో క్రికెటర్ రంజిత్‌సిన్హ్‌జీ ఉన్నారు. ఆయన వెంట సహాయకుడిగా వెళ్ళిన మరో క్రికెటర్ సి.బి. ఫ్రై, రంజీ కోసం తాను రాసిచ్చిన ఉపన్యాసమే ముస్సోలినీని కోర్ఫు నుంచి వెళ్ళగొట్టిందని తరవాత గొప్పగా చెప్పుకున్నాడు. అంత బలమున్న ఉపన్యాసమే అయితే ఆ 5 కోట్ల లీరాలెందుకు?

అక్కడి నుంచి ఐదేళ్ళకు, 1928 సెప్టెంబరులో, అదే ముస్సోలినీ గ్రీసు ప్రధాని వెనిజెలోస్‌తో స్నేహ ఒప్పందం మీద సంతకం చేశాడు. సిరా నిజమైనదే, కరచాలనమూ నిజమైనదే. సంతకం చేసిన చేతికి కోర్ఫు నేర్పిన పాఠం మాత్రం చెరిగిపోలేదు: గడువు పెట్టి కొడితే డబ్బులొస్తాయి.

1940 ఆగస్టు 15 మరియమాత పండుగ. టీనోస్ దీవి భక్తులతో కిటకిటలాడుతోంది. రేవులో ఆగి ఉన్న గ్రీకు యుద్ధనౌక ‘ఎల్లి’ని జలాంతర్గామి ఒకటి టార్పెడోతో ముంచేసింది. దొరికిన శకలాలు ఇటలీవని గ్రీకు అధికారులు పోల్చుకున్నారు. అయినా ‘ఏ దేశానిదో తెలియని జలాంతర్గామి’ అని ప్రకటించి నోరు కట్టేసుకున్నారు. యుద్ధానికి సాకు ఇవ్వకూడదని వాళ్ళ ఆరాటం. సాకు వెతికేవాడికి మన మౌనంతో పనేముంది?

అక్టోబరు ఆఖరి వారంలో ఏథెన్స్‌లో పుచ్చీని ఒపెరా ‘మడామా బటర్‌ఫ్లై’ ప్రదర్శించారు. పుచ్చీని కొడుకు కూడా అతిథిగా వచ్చాడు. ఇటలీ రాయబారి ఎమాన్యుయెలే గ్రాజ్జీ విందు ఇచ్చాడు. బల్లల మీద రెండు దేశాల స్నేహానికి గుర్తులు, పక్క గదిలో రోమ్ నుంచి సంకేత లిపిలో వస్తున్న తంతిని విప్పుతున్న ఉద్యోగులు. 28వ తేదీ తెల్లవారుజామున మూడింటికి గ్రాజ్జీ కిఫిసియాలోని గ్రీసు ప్రధాని మెటాక్సాస్ ఇంటి తలుపు తట్టాడు. గ్రీసులోని కొన్ని కీలక స్థలాలను ఇటలీ సైన్యానికి అప్పగించాలట, గడువు ఆరు గంటల దాకానట. ఏ స్థలాలని మెటాక్సాస్ అడిగితే తనకు తెలియదన్నాడు రాయబారి. ఇవ్వాల్సిందేమిటో అడుగుతున్నవాడికే తెలియని కోరిక అది. అయితే ఇక యుద్ధమేనన్నమాట అని మెటాక్సాస్ ఫ్రెంచిలో తేల్చేశాడు. ఆరు కాకుండానే ఇటలీ దళాలు అల్బేనియా వైపు నుంచి సరిహద్దు దాటాయి. తాము పెట్టిన గడువు దాకా అయినా ఆగలేకపోయాయి.

ఒక సంగతి దాచకూడదు. ఆ మెటాక్సాస్ ప్రజాస్వామ్యవాది కాదు. 1936 ఆగస్టు 4 నుంచి పార్లమెంటు లేకుండా పాలిస్తున్న నియంత, ముస్సోలినీ పోకడలు కొన్ని ఇష్టంగా అరువు తెచ్చుకున్నవాడే. ‘వాళ్ళ నాయకుడూ మన నాయకుడూ ఒకే రకం మనుషులు, మనకేం భయం’ అనుకునేవాళ్ళు ఎక్కడున్నా ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

గ్రీసు ఆ అక్టోబరు 28ని ఏటా ‘వద్దు’ అన్న రోజుగా పండుగ చేసుకుంటుంది, సబబే. ఇటలీ సైన్యాన్ని అల్బేనియా కొండల్లోకి తరిమారు. కానీ జెండాల కింద ఏం మిగిలిందో కూడా చూడాలి. 1941 ఏప్రిల్‌లో జర్మనీ దిగింది, ఆ చలికాలంలో ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో పడిపోయారు. 1943 ఫిబ్రవరిలో దొమెనికో గ్రామంలో మగవాళ్ళను, ఆక్రమణలో పాలుపంచుకున్న ఇటలీ సైనికులు వరుసగా నిలబెట్టి కాల్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక, సెఫలోనియా దీవిలో అక్వి డివిజన్ ఇటలీ సైనికులను జర్మన్లు వేల సంఖ్యలో చంపారు. రోమ్‌లో ముస్సోలినీ బాల్కనీ కింద నిలబడి కేకలు వేసినవాళ్ళ ఇళ్ళలోని కుర్రాళ్ళే వాళ్ళలో ఎందరో. 1947 పారిస్ ఒప్పందంలో ఇటలీ 1912 నుంచి పట్టుకున్న డొడెకనీస్ దీవులను వదులుకుంది. గ్రీసుకు 10.5 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టడానికి ఒప్పుకుంది. లెక్క చివరికి తిరగబడింది, పోయినవాళ్ళు మాత్రం రాలేదు.

మన నాటకాల్లో కృష్ణ రాయబారం ఎన్నిసార్లు చూశాం! రాజ్యంలో సగం అడగవలసినవాడు ఐదూళ్ళిస్తే చాలంటాడు. ఇవ్వగలిగేంతకు కోరికను దించుకుంటూ పోవడం రాయబారం. కాదనక తప్పనంత ఎత్తుకు కోరికను పెంచుకుంటూ పోయేది అల్టిమేటం. రెండూ ఒకే రకం సంచిలో, ఒకే రకం కోటు వేసుకున్న మనిషి చేతుల మీదుగా వస్తాయి. 1914లో సెర్బియాకు ఆస్ట్రియా ఇచ్చిన 48 గంటలు రెండో రకమే. అందుకే కాగితం ఎవరు తెచ్చారన్నది వదిలేసి కోరిక ఎటు నడుస్తోందో చూడమంటున్నాను, పెరుగుతోందా, తగ్గుతోందా అని. పెరుగుతుంటే ఆ క్షణమే అడగాలి, గొంతెత్తి అడగాలి. గుళ్ళు పేలాక అడిగితే దేశద్రోహి అంటారు. మధ్యవర్తులు ‘ఇంత పారేసి గొడవ వదిలించుకోండి’ అని బలహీనుడికే చెబుతుంటే, ఆ బేరానికి శాంతి అని పేరు పెట్టడానికి కాస్త సిగ్గుపడాలి.

ఇదే ఇద్దరు ఇరుగుపొరుగులు, గ్రీసూ ఇటలీ, 1977లో ఆయోనియన్ సముద్రపు అడుగున ఎవరి హద్దు ఎక్కడో గీసుకున్నారు. పైన నీళ్ళలోని ఆర్థిక మండలి సంగతి మాత్రం నలుగుతూనే ఉండిపోయింది. 2020 జూన్ 9న ఏథెన్స్‌లో విదేశాంగ మంత్రులు నికోస్ డెండియాస్, లుయిజి డి మాయో దాని మీద సంతకాలు చేశారు. పాత గీతకే కొత్త హద్దును కలిపారు. గ్రీసు తీరానికి దగ్గరలో ఇటలీ జాలరులు ఎప్పటి నుంచో వేస్తున్న వలలకు చోటు ఉంచారు. మధ్యలో 43 ఏళ్ళు గడిచాయి. ఆ కాలమంతా తెల్లవారుజామున మూడింటికి ఎవరూ ఎవరి తలుపూ తట్టలేదు. చేపల గురించి మాత్రం బోలెడంత తగవులాడుకున్నారు.