మా తమ్ముడికి ఉద్యోగం ఉందంట!

2025 ఎండాకాలంలో ఎర్రగుంట్లలో ఉండే మా చిన్నాయన ఇంటికి సర్వే వాళ్లొచ్చారు. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒక మేడమ్. ఇంట్లో ఎంతమంది, ఏం చదివారు, ఎవరు ఏం చేస్తారు అని వరసబెట్టి అడిగింది. చిన్నాయనకు చిన్న కిరాణా కొట్టు ఉంది. ఆయన కొడుకు 2023లో బీటెక్ పూర్తి చేశాడు. తర్వాత హైదరాబాద్‌లో ఆరు నెలలు కోచింగ్, ఆ తర్వాత ఇంటర్వ్యూలు, ఆ తర్వాత ఇల్లు.

"పోయిన వారం రోజుల్లో ఏమన్నా పని చేశావా?"

"పనేం ల్యాక్కా. నాయన సరుకు తెచ్చేదానికి పొద్దుటూరు పోతే కొట్లో కూర్చుంటా."

"ఎంతసేపు?"

"రెండు మూడు గంటలు."

"డబ్బులేమన్నా ఇస్తాడా నాయన?"

మావాడు నవ్వాడంట. ఆమె ట్యాబ్‌లో ఏదో నొక్కింది. వీడు ఊరుకోకుండా, "నన్ను ఖాళీగా ఉన్నోడి కిందే రాసుకున్నారు కదక్కా?" అని అడిగాడు. "లేదు బాబూ, పని చేస్తున్నట్టే. ఇంటి వ్యాపారంలో సహాయం" అందామె. ఆ రాత్రి నాకు ఫోన్. "అన్నా, నాకు ఉద్యోగం వచ్చిందంట. పార్టీ యాడ ఇమ్మంటావ్?"

వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు నవ్వు రాలేదు. కూర్చుని ఆ సర్వే రూల్స్ తీసి చదివా. ఆమె తప్పేమీ చేయలేదు.

ఆ సర్వే పేరు పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. దేశం మొత్తం లెక్క చాలాకాలం ఏడాదికోసారే వచ్చేది. 2025 నుంచి పద్ధతి మార్చి నెలనెలా ఇస్తున్నారు. ఎంపికైన ఇంటికి వరసగా నాలుగు నెలలు వస్తారు. మొదటి నెలవారీ లెక్క 2025 మే 15న బయటికొచ్చింది. ఏప్రిల్‌లో నిరుద్యోగం 5.1 శాతం అన్నారు. మే నెలకు 5.6 అయ్యింది. ఆగస్టుకు మళ్లీ 5.1. ప్రతిసారీ టీవీలో ఒకరు ఎకానమీ దూసుకుపోతోందని, ఇంకొకరు మునిగిపోతోందని.

ఈ నెలవారీ లెక్కలో రూలు ఏంటంటే, వెనకటి ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా మీరు పనిలో ఉన్నట్టే. జీతం రాకపోయినా సరే, సొంత కొట్టులోనో సొంత చేనులోనో చేయి వేస్తే చాలు. 2023-24 ఏడాది రిపోర్టు ప్రకారం దేశంలో పని చేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధి వాళ్లు. అందులో జీతం లేని ఇంటి సహాయకులే 19.4 శాతం, అంటే పని చేసేవాళ్లలో ఐదుగురికి ఒకరు మా తమ్ముడి బాపతు. ఆ ఏడాది నిరుద్యోగం 3.2 శాతమే అని మనం సంబరపడ్డాం.

మా పనిలో ఇలాంటిదే ఒకటుంది. ప్రతి సర్వర్‌కూ హెల్త్ చెక్ అని పెడతాం. నిమిషానికోసారి "బతికున్నావా?" అని అడుగుతుంది. "ఉన్నా" అంటే డ్యాష్‌బోర్డు మీద పచ్చ చుక్క. ఒకసారి రాత్రి రెండింటప్పుడు కస్టమర్లు ఒక్కరూ లాగిన్ కాలేక గోల పెడుతుంటే, మా డ్యాష్‌బోర్డు మాత్రం సంక్రాంతి ముగ్గులా పచ్చగా ఉంది. సర్వర్ అబద్ధం చెప్పలేదు, బతికే ఉంది. మేం దాన్ని అడిగింది అంతే మరి.

కర్నూల్లో మా మేనమామ ఈ మాట ఒప్పుకోడు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. పొద్దున ఉగ్గాని బజ్జీ తింటూ పేపర్లో అంకెలు చదవడం ఆయనకు పూజ లాంటిది. నేను ఇంటి నుంచి పని చేస్తుంటా కాబట్టి ఆ పూజకు దొరికే శ్రోతను నేనే.

"అది పక్కన పెట్టు రా. పీఎఫ్ చూడు. దాంట్లో కొట్లో కూర్చున్నోడు ల్యాడు కదా?"

నిజమే, పీఎఫ్ గట్టి లెక్క. జీతం ఉంటేనే కోత పడుతుంది. 2018 నుంచి నెలనెలా ఇస్తున్నారు. 2025 జూన్‌లో 21.89 లక్షల మంది నికరంగా చేరారు, అప్పటికి అదే రికార్డు. మామ ఆ రోజు రెండో ప్లేటు చెప్పాడు.

నేను లోపలికి వెళ్లి చూశా. అందులో కొత్తగా చేరినవాళ్లు 10.62 లక్షలు. ఒకసారి మానేసి మళ్లీ చేరినవాళ్లు 16.93 లక్షలు. ఈ రెండూ కలిపి, వెళ్లిపోయినవాళ్లను తీసేస్తే వచ్చింది ఆ 21.89. మళ్లీ చేరినవాళ్ల సంగతి నాకు బాగా తెలుసు, ఒక నెల లెక్కలో నేనూ ఉన్నా. 2023లో మా కంపెనీ ఒక శుక్రవారం సాయంత్రం మీటింగ్ పెట్టి మా టీమ్ మొత్తాన్ని పంపించేసింది. నాలుగు నెలలు ఖాళీ. ఐదో నెలలో ఇంకోచోట చేరా, జీతం పాతదానికంటే పాతిక శాతం తక్కువ. మానేసినప్పుడు లెక్కలో మైనస్ ఒకటి, చేరినప్పుడు ప్లస్ ఒకటి. చెల్లుకు చెల్లు. ఆ నాలుగు నెలల్లో అమ్మ ఎన్నిసార్లు "ఇంకా ఏం కాల్యా నాయనా?" అని అడిగిందో ఏ కాలమ్‌లోనూ లేదు.

మామ దగ్గర ఇంకో బాణం ఉంది, అది బలమైందే. "బేతంచెర్లలో నాపరాయి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పదేండ్లు చేసినోడికి పీఎఫ్ లేకుండె. ఇప్పుడొచ్చె. రేపు వానికేమన్నా అయితే పెండ్లాంకు పింఛను, ఇన్సూరెన్సు వస్తాయి. అది బాగుపడినట్టు కాదా?" బాగుపడినట్టే. ఆ మనిషికి అది చాలా పెద్ద సంగతి. ఫ్యాక్టరీలో ఇరవై మంది ఉంటేనే పీఎఫ్ తప్పనిసరి కాబట్టి, పద్దెనిమిది మందితో నడిచిన యూనిట్ ఇరవై దాటగానే అందరూ ఒకేసారి లెక్కలోకి వస్తారు. కానీ కొత్తగా పుట్టిన ఉద్యోగాలు రెండే. మిగతావాళ్లది అదే రాయి, అదే దుమ్ము, చేతికొచ్చే కూలీ కూడా అదే. వాళ్లకు పీఎఫ్ రావడం మంచిది. దాన్ని పద్దెనిమిది కొత్త ఉద్యోగాలు అనడం దగ్గరే నా పేచీ.

అమెరికాలో ఈ గొడవ ఇంకా ముదిరింది. డల్లాస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఉద్యోగాల లెక్క వచ్చే శుక్రవారం అంటే మా కాలేజీ రిజల్ట్స్ రోజు లెక్క, వీసా భయం మరి. 2025 ఆగస్టు 1న అక్కడ మే, జూన్ నెలల లెక్కను సవరించి 2 లక్షల 58 వేల ఉద్యోగాలు తగ్గించారు. అదే రోజు ట్రంప్ ఆ గణాంకాల శాఖ కమిషనర్‌నే పీకేశాడు. సర్వర్ డౌన్ అయితే అలారం తీసి విసిరికొట్టినట్టు. అయితే వాళ్ల పద్ధతిలో నాకు నచ్చిందొకటుంది: జీతం లేకుండా ఇంటి వ్యాపారంలో చేసేవాళ్లను వారానికి కనీసం 15 గంటలు చేస్తేనే పనిలో ఉన్నట్టు రాస్తారు.

ఇవన్నీ చదువుకున్నవాళ్ల బాధలు. అసలు సంగతి మా అమ్మ పుట్టిన ఊళ్లో ఉంది. కోసిగి పక్కన. ఆదోని, మంత్రాలయం, కోసిగి చుట్టుపక్కల ఊళ్లలో దసరా, దీపావళి దాటాక వీధులు మారిపోతాయి. వాన మీద ఆధారపడిన పత్తి, వేరుశనగ చేతికొస్తే వచ్చె, లేకుంటే లేదు. ఆ తర్వాత సుగ్గి. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే బండ్లెక్కుతాయి. ఇంకొందరు బెంగుళూరు, హైదరాబాద్ బిల్డింగు పనులకు. బియ్యం మూట, గిన్నెలు, దుప్పట్లు, చంకలో పిల్ల. ఊళ్లో మిగిలేది ముసలోళ్లు, తాళాలు. బడికి పోయే పిల్లలు కొందరు అవ్వ దగ్గర ఆగుతారు, కొందరు పుస్తకాల సంచి సర్దుకోకుండానే పోతారు. మళ్లీ వచ్చేది ఉగాదికి.

ఇప్పుడు లెక్క వేయండి. అక్టోబర్‌లో ఊళ్లో పని లేక అరుగు మీద కూర్చున్న మనిషి నిరుద్యోగి. జనవరిలో అదే మనిషి మూడు వందల కిలోమీటర్ల అవతల మిరప చేలో టార్పాలిన్ కింద పడుకుని, పొద్దుగూకేదాకా కాయ కోస్తున్నాడు. ఇప్పుడు ఉద్యోగి. నిరుద్యోగం తగ్గింది! ఆ నెల లెక్కలో మా అమ్మ ఊరు భేషుగ్గా కనిపిస్తుంది.

ఇక్కడే పని చూపించాలనే కదా ఉపాధి హామీ పెట్టింది. మొదలైంది కూడా మన సీమలోనే, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మావాళ్లు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు. 2025-26లో మన రాష్ట్రంలో రోజుకూలీ 307 రూపాయలు. "రెక్కలు రెండూ ఆడతాంటే సుగ్గిలో నాలుగు డబ్బులు మిగుల్తాయి నాయనా, ఈడ ఆ డబ్బులు ఎప్పుడు పడతాయో ఎవురికి తెలుసు?" అంటుంది మా పెద్దమ్మ. నేను ట్యాబ్ ఉన్న మేడమ్‌నైతే ఈ మాటకు ఏ బటన్ నొక్కాలో.

రాబోయే ఉద్యోగాల లెక్కలు వేరే. 2024 ఆగస్టు 28న కేంద్రం ఓర్వకల్లు, కొప్పర్తి రెండు పారిశ్రామిక నగరాలకూ ఒప్పుకుంది. అక్కడ 45 వేలు, ఇక్కడ 54 వేలు ఉద్యోగాలన్నారు. వస్తే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ కడప ఉక్కుకు 2007, 2018, 2019, 2023లలో కొబ్బరికాయలు కొట్టడం చూసిన జిల్లా ఇది. మావాళ్లు శంకుస్థాపన అంటే ముందు టెంకాయ ఎవురు కొడతాండారని అడుగుతారు.

నెలవారీ లెక్క వద్దని నేననను. లెక్కే లేకపోతే మామా నేనూ ఉత్త అరుపులు అరుచుకోవాల్సిందే. ఏడాది రిపోర్టులో ఎన్ని గంటలు పని చేశారు, ఎంత సంపాదించారు అనేవి కూడా ఉంటాయి. హెడ్‌లైన్‌కు మాత్రం ఒక్క శాతమే ఎక్కుతుంది. ఆ శాతం పక్కన, ఆ వారం పని చేసినవాళ్లలో ఎంతమందికి డబ్బు చేతికందింది, ఎంతమంది సొంతూళ్లో పడుకున్నారు అని రెండు అంకెలు వేస్తే, మా మామ రెండో ప్లేటు చెప్పేముందు కాసేపు ఆగుతాడు.

నాలుగో నెల మేడమ్ మళ్లీ వచ్చేసరికి మా తమ్ముడు ఇంట్లో లేడు. "బెంగుళూరులో పని దొరికిందమ్మా" అని చిన్నమ్మ కాఫీ ఇచ్చిందంట. సొంత బండి మీద పార్సిళ్లు ఇచ్చే పని. ఆరుగురు కలిసి ఒక గది. మొన్న ఫోన్ చేసి, "అక్కడ మీ రూముకు సర్వే వాళ్లు ఎవరన్నా వచ్చారా రా?" అని అడిగా.

"వచ్చినా ఎవరుంటారన్నా? మేం రూముకు చేరేది రాత్రి పన్నెండు దాటినాకే."